కాలేజీ లోకల్ మిర్రర్‌లో ఏమేం పెట్టాలి? 8 టీబీ డిస్క్ వచ్చింది, లిస్టు మాత్రం తెగట్లేదు

ల్యాబ్‌అడ్మిన్_కాకినాడ

అందరికీ నమస్తే. కాకినాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబులూ సర్వర్ రూమూ నేనే చూసుకుంటాను. సెమిస్టర్ మొదలవగానే అన్ని ల్యాబుల్లో ఇన్‌స్టాలేషన్లు, అప్‌డేట్లు ఒకేసారి పెడతారు, ఉన్నది ఒక్కటే లీజ్డ్ లైను, అదే ప్యాకేజీని అరవై సిస్టములు ఎవరికి వారు బయటనుంచి లాగుతుంటాయి, ఆ టైమ్‌కి ఆఫీసులో ఫీజు పోర్టల్ తెరుచుకోదు. అడగ్గా అడగ్గా మేనేజ్‌మెంట్ వాళ్ళు ఒక సర్వరు, 8 టీబీ డిస్కు శాంక్షన్ చేశారు, క్యాంపస్ లోపలే ఒక మిర్రర్, అంటే బయటి సర్వర్లలోని సాఫ్ట్‌వేర్‌కి అచ్చంగా నకలు ఉంచుకునే సర్వరు, పెడదామని.

ఇప్పుడు అసలు చిక్కు ఏంటంటే అందులో ఏం పెట్టాలో తేలట్లేదు. సీఎస్‌ఈ వాళ్ళకి ఉబుంటు, డెబియన్, ఫెడోరా, ఈ మూడు లినక్స్‌లూ కావాలంట. సైబర్ సెక్యూరిటీ సెక్షన్ వాళ్ళు కాలీ అనే సెక్యూరిటీ టెస్టింగ్ లినక్స్ అడుగుతున్నారు, ఇంకో సార్ ఏమో అవన్నీ హ్యాకింగ్ టూల్స్, కాలేజీ సర్వర్ మీద ఎలా పెడతావయ్యా అంటున్నారు. రీసెర్చ్ క్లస్టర్ ఇంకా సెంట్‌ఓఎస్ 7 అనే పాత లినక్స్ మీదే నడుస్తోంది, దానికి పాత రిపో (ప్యాకేజీలు ఉండే చోటు) కావాలి. మెషిన్ లెర్నింగ్ చేసే పిల్లలు పైథాన్ ప్యాకేజీలు మొత్తం దించేయండి సార్ అంటారు. ఈసీఈ వాళ్ళ దగ్గర విండోస్ ఇన్‌స్టాలర్ల ఫోల్డర్ ఒకటుంది, ఏళ్ళ తరబడి పెన్‌డ్రైవుల్లో తిరిగి తిరిగి చేరిన ఫైళ్ళు, కొన్ని ఎక్కడివో ఎవరికీ తెలీదు, అవి కూడా ఇందులోనే పడేయమంటున్నారు. హాస్టల్ కుర్రాళ్ళ లిస్టు సంగతి చెప్పక్కర్లేదు.

అన్నీ పెట్టేయాలా, కొన్నే పెట్టాలా, కొన్నే అంటే దేన్ని బట్టి? అలాగే దీన్ని బయటి వాళ్ళకి కూడా తెరిస్తే మంచిదా? ఇదివరకు మిర్రర్ నడిపినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

---

పాత_మిర్రర్

నేను ఒక యూనివర్సిటీలో చాలా ఏళ్ళు మిర్రర్ చూసుకున్నాను కాబట్టి చెప్తున్నా, ముందు ఆ 8 టీబీ సంగతి మర్చిపోండి. డిస్కులో ఎంత పడుతుందో చూసి లిస్టు రాస్తే ఏడాది తిరిగేసరికి సగం రిపోలు సింక్ అవ్వక, అంటే అసలు సర్వర్‌తో సమానంగా తాజా అవ్వక, పాతబడిపోయి ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు, కానీ ల్యాబులు మాత్రం వాటినే వాడుతుంటాయి. పాతబడ్డ మిర్రర్ అసలు లేని మిర్రర్ కన్నా ప్రమాదం. మీరు పెట్టేది ఏదైనా సరే రోజూ తాజాగా ఉంచగలరా, పైనుంచి వచ్చింది ఒక్క బైటు కూడా మారకుండా ఇవ్వగలరా, ఈ రెండిటికీ అవును అనగలిగితేనే పెట్టండి.

తాజాగా ఉండటం అంటే కొత్తవి తెచ్చుకోవడం ఒక్కటే కాదు, తీసేసినవి తీసెయ్యడం కూడా. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో దొంగచాటుగా పెట్టిన బ్యాక్‌డోర్ బయటపడింది గుర్తుందా, ఆండ్రెస్ ఫ్రాయిండ్ పట్టుకున్నాడు, 5.6.0, 5.6.1 వెర్షన్లు. డెబియన్ స్టేబుల్ అనే అధికారిక రిలీజ్‌లోకి రాలేదు గానీ ఇంకా తయారవుతున్న టెస్టింగ్, అన్‌స్టేబుల్‌లోకి అప్పటికే వచ్చేసింది, అంటే ప్రపంచంలో ఉన్న మిర్రర్లన్నీ దాన్ని నమ్మకంగా మోసుకెళ్ళి జనానికి ఇచ్చాయి, ప్యాకేజీల డిజిటల్ సంతకాలన్నీ సరిగ్గానే ఉన్నాయి మరి. వెంటనే డెబియన్ వాళ్ళు 5.4.5 ని వెనక్కి తెచ్చి, వెర్షన్ నంబర్ మాత్రం 5.6.1 ప్లస్ రియల్లీ 5.4.5 అని పెట్టారు, ఎందుకంటే ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ పెద్ద నంబర్ ఉంటేనే అప్‌గ్రేడ్ చేస్తుంది కదా. సరిగ్గా సింక్ అయ్యే మిర్రర్ల మీద ఉన్నవాళ్ళకి ఆ మార్పు గంటల్లో అందింది. ఆ వారం సింక్ ఆగిపోయి ఉన్న మిర్రర్ మీద ఉన్నవాళ్ళకి మాత్రం ఆ పాడు వెర్షనే వస్తూ ఉంటుంది. అందుకే చెప్తున్నా, పది రిపోలు పెట్టి చూసుకోలేకపోవడం కన్నా రెండే పెట్టి బాగా చూసుకోండి.

ఇక దేన్ని బట్టి ఎంచాలి అన్నదానికి ఒక పాత గొడవ చెప్తా, మిర్రర్ నడిపేవాళ్ళకి తెలియాల్సిన విషయం ఇది. 2005 మార్చిలో డెబియన్ రిలీజ్ టీమ్ వాళ్ళూ ఆర్కైవ్ చూసేవాళ్ళూ వాంకూవర్‌లో కూర్చుని ఒక ప్రతిపాదన పెట్టారు. అప్పుడు సార్జ్ అనే డెబియన్ రిలీజ్‌కి 11 ఆర్కిటెక్చర్లు, అంటే ప్రాసెసర్ రకాలు, మిర్రర్ వాళ్ళేమో ఇంక చోటు లేదు బాబూ అంటున్నారు. బాధ ఏంటంటే జనం అప్పటికే కొంటున్న ఏఎండీ64 (64 బిట్) మెషీన్లకి ఆర్కైవ్‌లో చోటు లేక సార్జ్‌లో అది అధికారికంగా రాలేదు, వేరే సర్వర్‌లో పెట్టి నడిపారు. ఒకరిద్దరు వాడే ఆర్కిటెక్చర్లు మాత్రం ప్రతి మిర్రర్‌లోనూ ఉన్నాయి. అందుకని మచ్చుకి కొన్ని మిర్రర్ల డౌన్‌లోడ్లు చూసి, అందులో 10 శాతం ఉన్న ఆర్కిటెక్చర్‌నే అన్ని మిర్రర్లూ మొయ్యాలి, మిగతావి వేరేచోట పెడదాం అన్నారు. మెయిలింగ్ లిస్టులో పెద్ద యుద్ధమే అయింది, చిన్న ఆర్కిటెక్చర్ల వాళ్ళు మమ్మల్ని గెంటేస్తారా అని. చివరికి ఆ 10 శాతం రూలు అలాగే అమలు కాలేదు గానీ ఏ మిర్రర్‌కి ఆ మిర్రర్ తనకి కావలసిన ఆర్కిటెక్చర్లే పెట్టుకోవచ్చు అనేది వచ్చింది, ఏఎండీ64 కూడా లోపలికి వచ్చి 2007 ఏప్రిల్లో ఎచ్ అనే తర్వాతి రిలీజ్‌తో అధికారికం అయింది. ఇప్పుడు మీరు ఒక్క ఏఎండీ64 మాత్రమే పెట్టుకోగలుగుతున్నారంటే ఆ గొడవ పుణ్యమే.

కాబట్టి మీరు కూడా హెచ్ఓడీల లిస్టులు కాదు, లాగులు, అంటే ఎవరు ఏం అడిగారో సర్వర్ రాసుకునే రికార్డులు, చూడండి. ఒక నెల రోజులు సర్వర్‌లో ఆప్ట్ క్యాషర్ ఎన్‌జీ అనే క్యాష్ ప్రోగ్రాము పెట్టండి, 3142 పోర్టు, ల్యాబ్ సిస్టములన్నిటికీ ప్రాక్సీ అదే ఇవ్వండి. ఎవరు ఏం అడుగుతున్నారో దాని లాగులో కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే చాలా కాలేజీలకి ఆ క్యాషే సరిపోతుంది, పూర్తి మిర్రర్ అవసరమే ఉండదు, మొదటి సిస్టమ్ అడిగినప్పుడు బయటనుంచి వస్తుంది, మిగతా యాభై తొమ్మిదికీ లోపలనుంచే వెళ్తుంది.

అయినా మిర్రరే కావాలంటే డెబియన్‌కి మామూలు ఆర్‌సింక్ (ఫైళ్ళు కాపీ చేసే కమాండు) కొట్టకండి, ఎఫ్‌టీపీసింక్ అని వాళ్ళదే స్క్రిప్టు ఉంది అది వాడండి. అది రెండు విడతల్లో చేస్తుంది, మొదటి విడతలో ప్యాకేజీ ఫైళ్ళు మాత్రం తెస్తుంది, ఏదీ చెరపదు, రెండో విడతలో ఏమేం ప్యాకేజీలున్నాయో చెప్పే ఇండెక్స్ ఫైళ్ళు తెచ్చి ఆ తర్వాతే పాతవి చెరుపుతుంది. ఇది తిరగబడిందనుకోండి, ఇండెక్స్ ముందొచ్చేసి అందులో ఉన్న ప్యాకేజీ ఇంకా రాకపోతే ల్యాబులో పిల్లలకి 404 వస్తుంది, లేదా ఫైలు సరిపోలలేదని హాష్ సమ్ మిస్‌మ్యాచ్ అని వస్తుంది, అప్పుడు అందరూ మీ నెట్‌వర్క్‌నే తిడతారు. ఆర్కైవ్ రోజుకి నాలుగుసార్లు మారుతుంది. మాస్టర్ సర్వర్ మీద పడకుండా దగ్గర్లో ఉన్న పబ్లిక్ మిర్రర్ నుంచి, ఐఐటీ కాన్పూర్ లాంటివి, తీసుకోండి. సెక్యూరిటీ రిపోని మాత్రం మిర్రర్ చెయ్యొద్దు, డెబియన్ వాళ్ళే వద్దంటారు, ఆలస్యం అయితే నష్టం కాబట్టి, అది క్యాష్ మీదుగా నేరుగా వెళ్ళనివ్వండి.

---

ఓరుగల్లు_టక్స్

పాత మిర్రర్ అన్న చెప్పిందాంట్ల చానా మట్టుకు కరెక్టే గని లాగులు చూసి తీసెయ్యుడు అన్న కాడ నాకు ఒప్పుదల లేదు. లాగుల ఎవరు కనబడ్తరు? నెట్ ఉన్నోళ్ళు, కొత్త సిస్టములు ఉన్నోళ్ళు. మా దగ్గర డిప్లొమా కాలేజీల ఇంక 32 బిట్ మెషీన్లు నడుస్తున్నయి, 2 జీబీ ర్యామ్, అవ్వి ఏడాదికి ఒక్కసారే అప్‌డేట్ అడుగుతయి, నీ నెల రోజుల లాగుల అవి వస్తయా? రావు. రాలేదు కదా అని ఐ386, అంటే 32 బిట్ ప్యాకేజీలు, తీసేస్తే ఆ పిల్లలకి మొత్తానికే ల్యాబ్ లేనట్టే.

పైన కూడా గట్లనే అయింది. 2019 జూన్‌ల ఉబుంటు వాళ్ళు 19.10 నుంచి ఐ386 ప్యాకేజీలు మొత్తం బంద్ అన్నరు, గేముల కంపెనీ వాల్వ్ వాళ్ళు, విండోస్ ప్రోగ్రాములు లినక్స్‌ల నడిపే వైన్ వాళ్ళు ఒర్రితే అప్పుడు కొన్ని ప్యాకేజీలు ఉంచిండ్రు. 2025 ఆగస్టుల వచ్చిన డెబియన్ ట్రిక్సీకి ఐ386 ఇన్‌స్టాలరే లేదు. అంటే పాత మెషీన్ ఉన్నోనికి ఇగ దానికి ముందటి రిలీజ్ బుక్‌వార్మే దిక్కు. గందుకే నేనేమంటనంటే, 32 బిట్ మెషీన్లు క్యాంపస్‌ల ఉన్నయా లేవా అని లాగుల కాదు, ల్యాబ్‌లకు పోయి స్టాక్ రిజిస్టర్ చూడుండ్రి. ఉంటే బుక్‌వార్మ్ ఐ386 పెట్టుండ్రి, అవి స్క్రాప్‌కి పోయిన రోజు తీసెయ్యుండ్రి.

ఇంకోటి, రిలీజ్ లెక్కన తీసెయ్యాల్నంటే ఆర్‌సింక్‌తోని కాదు, ఇది చానా మందికి తెల్వదు. డెబియన్ల పూల్ అనే డైరెక్టరీ ఒక్కటే, బుక్‌వార్మ్ ఫైలు, ట్రిక్సీ ఫైలు, అన్‌స్టేబుల్ ఫైలు అన్ని అండ్లనే పక్కపక్కకు ఉంటయి. ఫైల్ పేరు చూస్తే ఆర్కిటెక్చర్ తెలుస్తది గని ఏ రిలీజ్‌దో తెల్వది. గందుకే ఆర్కిటెక్చర్ లెక్కన అయితే ఎఫ్‌టీపీసింక్‌లనే ఎక్స్‌క్లూడ్ చెయ్యొచ్చు, రిలీజ్ లెక్కన కావాల్నంటే డెబ్‌మిర్రర్ వాడాలె, అది ఇండెక్స్ చదివి ఆ రిలీజ్‌కి కావాల్సినయే తెస్తది, జీపీజీ సంతకం కూడా చూస్తది. ఆర్కిటెక్చర్ ఆల్ అని ఉండే ఫైళ్ళు మాత్రం పొరపాటున కూడా ఎక్స్‌క్లూడ్ చెయ్యకుండ్రి, ఫాంట్లు, డాక్యుమెంట్లు, సగం పైథాన్ లైబ్రరీలు అండ్లనే ఉంటయి. మన తెలుగు లోహిత్ ఫాంటు సుత అండ్లదే, అది లేకపోతే కొత్త సిస్టమ్‌ల తెలుగు మొత్తం డబ్బాలు డబ్బాలు కనబడ్తది.

---

సోర్స్_సత్యం

లైసెన్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నా. మీ ఈసీఈ ఫోల్డర్ ఉంది చూశారా, నాకు దాని గురించే భయంగా ఉంది సార్.

రెండు వేరే వేరే విషయాలున్నాయి. ఒకటి, ఆ ఫైల్ పంచే హక్కు మీకుందా. ఉచితంగా దొరుకుతుంది కదా అని చాలామంది అనుకుంటారు గానీ, ఉచితంగా వాడుకోవచ్చు అనడానికీ మీరు మీ సర్వర్ నుంచి పంచవచ్చు అనడానికీ చాలా తేడా ఉంది. విండోస్ ఐఎస్‌ఓలు (ఇన్‌స్టాల్ డిస్కు ఫైళ్ళు) మీరు పంచకూడదు, సంస్థకి వాల్యూమ్ లైసెన్స్ ఉంటే దానికి వేరే దారి ఉంటుంది, అది ఓపెన్ డైరెక్టరీలో పెట్టేది కాదు. సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లు చాలావాటికి కంపెనీ సైటు నుంచే దించుకోవాలి అని లైసెన్సులోనే రాసి ఉంటుంది. క్రాక్ ఫైళ్ళ గురించి నేను మాట్లాడను, అవి కాలేజీ సర్వర్ మీద ఒక్క రోజు కూడా ఉండకూడదు.

దీనికి మంచి ఉదాహరణ మైక్రోసాఫ్ట్ కోర్ ఫాంట్లు, ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్ వగైరా. 2002లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు తమ సైటు నుంచి వాటిని తీసేశారు, కానీ లైసెన్సులో అసలు ఇచ్చిన ఎగ్జీ ఫైలుని ఏమీ మార్చకుండా అలాగే పంచవచ్చు అని ఉంది. అందుకే అవి సోర్స్‌ఫోర్జ్ అనే డౌన్‌లోడ్ సైటులో ఆ ఎగ్జీ రూపంలోనే ఉన్నాయి, డెబియన్‌లో, ఉబుంటులో ఫాంట్లు ఉండవు, వాటిని అక్కడినుంచి దించి విప్పే చిన్న ఇన్‌స్టాలర్ ప్యాకేజీ మాత్రమే ఉంటుంది. డెబియన్‌లో అది మెయిన్‌లో కాక కాంట్రిబ్ అనే వేరే విభాగంలో ఉంటుంది. ఇంత జాగ్రత్తగా చూస్తారు వాళ్ళు. మీరు కూడా మిర్రర్‌లో పెట్టేముందు ప్రతి ఫైలుకీ పంచమని ఎవరు అనుమతి ఇచ్చారు అని ఒక లైను రాసుకోండి, రాయలేకపోతే అది లోపలికి రాకూడదు.

రెండోది, ఆ ఫైలు అసలుదేనా అన్నది. 2017 మేలో హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో సాఫ్ట్‌వేర్ వాళ్ళ రెండు డౌన్‌లోడ్ సర్వర్లలో ఒక మిర్రర్ హ్యాక్ అయింది, మ్యాక్ వెర్షన్ స్థానంలో ప్రోటాన్ అనే ట్రోజన్ ఉన్న ఫైలు పెట్టారు, మే 2 నుంచి 6 వరకు దించుకున్నవాళ్ళకి ఏ సర్వర్ తగిలితే అది, అంటే సగానికి సగం ఛాన్సు. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ సైటు హ్యాక్ చేసి, సినమన్ ఐఎస్‌ఓ లింకుని బ్యాక్‌డోర్ ఉన్న ఐఎస్‌ఓకి తిప్పేశారు. 2015లో అయితే సోర్స్‌ఫోర్జ్ వాళ్ళే, ఎవరో దొంగలు కాదు, గింప్ అనే ఫోటో ఎడిటర్ విండోస్ పేజీని తమ చేతిలోకి తీసుకుని ఇన్‌స్టాలర్‌కి యాడ్‌వేర్ చుట్టి ఇచ్చారు, గింప్ వాళ్ళు 2013లోనే అక్కడినుంచి వెళ్ళిపోయినా సరే. ఆ తర్వాతి ఏడాది ఓనర్లు మారాక ఆ పద్ధతి ఆపేశారు. మిర్రర్ అని పేరు పెట్టుకుని ఫైలుని ముట్టుకుంటే అది ఇంక మిర్రర్ కాదు, నా దృష్టిలో ఇంతకన్నా పెద్ద తప్పు లేదు. మీ ఫోల్డర్‌లో పెన్‌డ్రైవుల్లో తిరిగిన ఎగ్జీలకి ఏ హామీ ఉంది? అన్నీ పక్కన పెట్టి, కావలసినవాటి పేర్లు మాత్రం రాసుకుని, తయారుచేసినవాళ్ళ సైటు నుంచి కొత్తగా దించి, వాళ్ళిచ్చిన ఎస్‌హెచ్‌ఏ256 హాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటిది) తో సరిచూసి పెట్టండి. కైక్యాడ్, ఆర్డుయినో లాంటివి ఓపెన్ సోర్సే, ఇబ్బంది లేదు.

ఇంకొక మాట, చోటు కలిసొస్తుందని చాలామంది సోర్స్ ప్యాకేజీలు ఎక్స్‌క్లూడ్ చేస్తారు. జీపీఎల్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ వెర్షన్ 2 ప్రకారం బైనరీ పంచేవాడు సోర్స్ కూడా అదే చోట అందుబాటులో ఉంచాలి, లేదా మూడేళ్ళు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వాలి. ఆ హామీ మీరు ఎలాగూ ఇవ్వలేరు. సోర్స్ పెట్టండి. చట్టం కోసమే అని కూడా కాదు, పిల్లలు ఒక కమాండుతో కెర్నెల్ సోర్సు, బాష్ సోర్సు లోపలి స్పీడులో దించుకుని విప్పి చూడగలిగితే ఆ కాలేజీకి అంతకన్నా ఏం కావాలి.

---

హాస్టల్_నెట్

నేను వేరే కాలేజీ స్టూడెంట్‌ని, మా వైపు నుంచి కూడా ఒక మాట వినండి సార్. మిర్రర్‌లో ఏం ఉండాలో ఎప్పుడూ స్టాఫే డిసైడ్ చేస్తారు, హాస్టల్లో ఉండేవాళ్ళని ఎవరూ అడగరు, అందుకే పిల్లలు టెలిగ్రామ్ గ్రూపుల్లో ఎగ్జీలు పంచుకుంటారు, అందులోంచి వైరస్ వస్తే మళ్ళీ మమ్మల్నే తిడతారు.

వీఎల్‌సీ విషయమే తీసుకోండి, 2022 ఫిబ్రవరి నుంచి మన దేశంలో దాన్ని తయారుచేసే వీడియోలాన్ సైటు బ్లాక్ అయిపోయింది, ఎందుకో ఎవరికీ చెప్పలేదు, వాళ్ళు ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సాయంతో లీగల్ నోటీసు పంపాక నవంబర్‌లో తీశారు. ఆ మధ్యలో వీఎల్‌సీ అని సెర్చ్ కొట్టి ఏ సైటు పడితే ఆ సైటు నుంచి దించుకున్నవాళ్ళు మా సీనియర్లలో చాలామంది ఉన్నారు. కాలేజీ లోపల ఒక నమ్మకమైన మిర్రర్ ఉండుంటే ఆ అవసరం వచ్చేదా? అందుకని వీఎల్‌సీ, ఫైర్‌ఫాక్స్, లిబ్రె ఆఫీస్, ఈ మూడిటి విండోస్ ఇన్‌స్టాలర్లు తప్పకుండా పెట్టండి, సగం మందికి లినక్స్ కన్నా ఇవే అవసరం.

కాలీ గురించి వద్దంటున్న సార్‌కి ఒకటి చెప్పండి, వైర్‌షార్క్, ఎయిర్‌క్రాక్, జాన్, హైడ్రా ఇవన్నీ డెబియన్ మెయిన్ అనే ముఖ్య విభాగంలోనే ఉన్నాయి, డెబియన్ పెట్టిన రోజే అవి వచ్చేసినట్టే. మరి డెబియన్ కూడా తీసేస్తారా? వాటితో నేర్చుకునేవాళ్ళకి మిర్రర్‌లో లేకపోవడం ఒక్కటే అడ్డు, తప్పుడు పని చేద్దామనుకునేవాడు ఎలాగూ బయటనుంచి తెచ్చుకుంటాడు.

పైథాన్ గురించి కూడా, మొత్తం దించడం కుదరదు అని నాకు తెలుసు గానీ సెమ్ ప్రాజెక్టులప్పుడు అందరూ అదే టార్చ్ (మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ) వీల్ ఫైలు దించుతారు, ఒక్కోటి వందల ఎంబీలు, దానికి ఏదైనా చూడండి సార్.

ఇంకోటి సాఫ్ట్‌వేర్ కాదు గానీ, కివిక్స్‌లో తెలుగు వికీపీడియా మొత్తం ఒక జిమ్ ఫైలుగా దొరుకుతుంది, నెట్ లేకుండా చదవచ్చు. మా ఊళ్ళో స్కూలుకి అది పెన్‌డ్రైవులో తీసుకెళ్ళాను, పిల్లలు దేశాల పేజీలు ఒకదాని తర్వాత ఒకటి తెరుస్తూ కూర్చున్నారు. చోటు కూడా పెద్దగా తీసుకోదు, అది పెడితే చాలా బావుంటుంది.

---

ల్యాబ్‌అడ్మిన్_కాకినాడ

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. సత్యం గారూ, మీరు చెప్పాక ఆ ఈసీఈ ఫోల్డర్‌ని యాంటీవైరస్‌తో ఒకసారి స్కాన్ చేయించాను, బయటికి చెప్పలేను గానీ అది మిర్రర్‌లోకి రావడం లేదు, ఖాయం. వాళ్ళని కావలసిన పేర్లు రాసివ్వమన్నాను, ఇన్ని జీబీల ఫోల్డరుకి తీరా చూస్తే పేర్లు ఒక పేజీ కూడా నిండలేదు.

టక్స్ అన్నా, స్టాక్ రిజిస్టర్ చూశాను, 32 బిట్ మెషీన్లు వర్క్‌షాప్ పక్కన పాత ల్యాబులో నిజంగానే ఉన్నాయి, నేనే మర్చిపోయాను వాటిని. కాబట్టి బుక్‌వార్మ్ ఐ386 ఉంటుంది.

ఇంకా రెండు అడగాలి. సెంట్‌ఓఎస్ 7 ఏం చెయ్యాలి? క్లస్టర్ సార్ అప్‌గ్రేడ్‌కి ఒప్పుకోవట్లేదు, వాళ్ళ సాఫ్ట్‌వేర్ దాని మీదే కంపైల్ చేశారంట. రెండోది నాన్‌ఫ్రీ, అంటే ఫ్రీ లైసెన్స్ లేని ప్యాకేజీల విభాగం. మా సత్యం గారి లాంటి ఒక లెక్చరర్ ఉన్నారు ఇక్కడ, మెయిన్ తప్ప ఇంకేదీ పెట్టకూడదని గట్టిగా అంటున్నారు, అది సూత్రంగా బానే ఉంది గానీ ల్యాప్‌టాపుల్లో వైఫై రాదు అప్పుడు.

---

సోర్స్_సత్యం

నాన్‌ఫ్రీ గురించి నా మాట వింటే, నేను ఫ్రీ సాఫ్ట్‌వేర్ మనిషినే అయినా వైఫై లాంటి హార్డ్‌వేర్ నడవడానికి కావలసిన ఫర్మ్‌వేర్ పెట్టండి అంటాను. 2022లో డెబియన్ వాళ్ళే ఓటు వేసి మరీ ఇది తేల్చారు, 2023లో వచ్చిన బుక్‌వార్మ్ నుంచి నాన్‌ఫ్రీ ఫర్మ్‌వేర్ అని వేరే విభాగమే ఉంది, అధికారిక ఇన్‌స్టాలర్‌లోనూ వస్తుంది. వైఫై రాకపోతే ఆ పిల్లవాడు లినక్స్ తీసేసి వెళ్ళిపోతాడు, మెయిన్‌లో ఉన్న వేల ప్యాకేజీలు వాడి దాకా చేరవు. మిగతా నాన్‌ఫ్రీ మాత్రం ఒక్కో ప్యాకేజీకి ఒక్కో లైసెన్స్, ఎవరైనా అడిగితే అప్పుడు చూసుకోండి.

ఏది ఉండాలి అన్నది కొన్నిసార్లు మిర్రర్ ఏ దేశంలో ఉందో కూడా తేలుస్తుంది, ఆ లెక్చరర్ గారికి ఇది కూడా చెప్పండి. ఒకప్పుడు అమెరికా ఎగుమతి చట్టాల వల్ల ఎన్‌క్రిప్షన్ ఉన్న ప్యాకేజీలన్నిటినీ, ఎస్ఎస్‌హెచ్, జీపీజీ లాంటివి, డెబియన్ వాళ్ళు నాన్ యూఎస్ అనే వేరే ఆర్కైవ్‌లో అమెరికా బయట ఉంచేవాళ్ళు. 2000లో ఆ నిబంధనలు సడలాక 2002లో మెయిన్‌లోకి తెచ్చారు, 2005 సార్జ్ నాటికి ఆ ఆర్కైవే లేదు. ఎంపీ3 కూడా అంతే, పేటెంట్ల వల్ల ఫెడోరాలో ఉండేది కాదు, 2017లో అవి ముగిశాక పూర్తిగా వచ్చింది. అంటే ఇవాళ ఒక విభాగాన్ని పక్కన పెట్టినా అది శాశ్వతం కాదు, ఏడాదికోసారి లిస్టు మళ్ళీ చూడాలి.

---

పాత_మిర్రర్

టక్స్ చెప్పింది నిజం, లాగులతో పాటు రిజిస్టర్ కూడా చూడాలి, ఒప్పుకుంటున్నా.

సెంట్‌ఓఎస్ 7 కి 2024 జూన్ 30తో సపోర్ట్ అయిపోయింది, మిర్రర్‌లిస్ట్ డొమైనే ఇప్పుడు పనిచెయ్యదు, అందుకే ప్యాకేజీలు తెచ్చే కమాండు యమ్ కొడితే హోస్ట్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. పాత వెర్షన్లు దాచి ఉంచే సెంట్‌ఓఎస్ వాల్ట్ నుంచి ఒక్కసారి కాపీ తెచ్చుకుని పెట్టుకోండి, కానీ దాన్ని మిర్రర్‌లో కలపొద్దు. వేరే పేరుతో, వేరే చోట, క్లస్టర్ ఐపీలకి మాత్రమే కనిపించేలా పెట్టండి, పేజీ పైన సెక్యూరిటీ అప్‌డేట్లు లేవు అని పెద్దగా రాయండి. మిగతా డైరెక్టరీల మధ్యలో ఉంటే ఏ ఫస్టియర్ కుర్రాడో ఇది కూడా తాజాదే అనుకుని సర్వర్ కట్టేస్తాడు. క్లస్టర్ సార్‌కి దాన్ని బయటి నెట్‌కి తగిలించొద్దని కూడా చెప్పండి.

పైథాన్ మొత్తం మిర్రర్ చెయ్యడానికి బ్యాండర్‌స్నాచ్ అని ఉంది గానీ ఆ ప్యాకేజీలుండే పైపీఐ మొత్తం పదుల టెరాబైట్లు, మీ డిస్క్ సరిపోదు, సరిపోయినా అర్థం లేదు. డెవ్‌పీ పెట్టండి, అడిగినవే తెచ్చి దాచుకుంటుంది, ఆ టార్చ్ వీల్ కూడా ఒక్కసారే వస్తుంది, టార్చ్ సొంత ఇండెక్స్ నుంచి తీసుకునేవాళ్ళుంటే దాన్ని కూడా అందులో కలపండి. కాలీ అన్ని ప్యాకేజీలూ అక్కర్లేదు, రోలింగ్ కాబట్టి రోజూ మారుతూనే ఉంటుంది, ఐఎస్‌ఓ పెట్టండి చాలు, ప్యాకేజీలు క్యాష్ మీదుగా వెళ్తాయి. ఫెడోరా ఎంతమంది వాడుతున్నారో చూసి, ఒక ల్యాబు కన్నా తక్కువైతే అదీ క్యాషే.

బయటి వాళ్ళకి తెరవడం ఇప్పుడే వద్దు. పబ్లిక్ లిస్టులో పేరు ఇస్తే కాలేజీ సెలవుల్లో కూడా అది నడవాలి, మెయిల్ వస్తే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి, మీరు ఉద్యోగం మారినా అది ఆగకూడదు. అసలే ఒక్క లైను మీద ఉన్నారు. ఏడాది క్యాంపస్ లోపల నడిపి, ఇంకొక మనిషికి పని నేర్పి అప్పుడు ఆలోచించండి.

---

ల్యాబ్‌అడ్మిన్_కాకినాడ

సరే, ఇలా అనుకుంటున్నా. ఉబుంటు ఏఎండీ64, డెబియన్ ఏఎండీ64 సోర్స్‌తో సహా, ఫర్మ్‌వేర్‌తో సహా పూర్తి మిర్రర్. పాత ల్యాబు కోసం డెబ్‌మిర్రర్‌తో బుక్‌వార్మ్ ఐ386. ఫెడోరా, కాలీ ప్యాకేజీలు, పైథాన్ క్యాష్ మాత్రమే. విండోస్ వైపు వీఎల్‌సీ, ఫైర్‌ఫాక్స్, లిబ్రె ఆఫీస్, కైక్యాడ్, ఆర్డుయినో, ప్రతిదాని పక్కన హాషూ ఎక్కడినుంచి దించామో ఆ అడ్రసూ. తెలుగు వికీపీడియా జిమ్ ఫైలు కూడా. కాలీ వద్దన్న సార్‌కి హాస్టల్ తమ్ముడు చెప్పిన డెబియన్ మెయిన్ పాయింటే చెప్పాను, సరే అన్నారు, ఐఎస్‌ఓకి లాగిన్ పెట్టమన్నారు, దానికి ఇబ్బంది లేదు.

సింక్ ఆగిపోతే నాకు ఎలా తెలుస్తుంది? ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగకూడదు కదా.

---

పాత_మిర్రర్

డెబియన్‌ది అయితే ప్రాజెక్ట్ డైరెక్టరీలో ట్రేస్ అని ఫోల్డర్ ఉంటుంది, ప్రతి సింక్ పూర్తయ్యాక ఎఫ్‌టీపీసింక్ మీ సర్వర్ పేరుతో అందులో ఒక ఫైలు రాస్తుంది, తేదీ టైముతో సహా. పైన మాస్టర్ ట్రేస్ ఫైలూ ఉంటుంది. రెండిటి టైమూ పోల్చి తేడా 24 గంటలు దాటితే మెయిల్ కొట్టేలా చిన్న స్క్రిప్టు క్రాన్‌లో (టైముకి పనులు నడిపే షెడ్యూలర్) పెట్టండి, మీకూ ఇంకొకరికీ. ఉబుంటుకి రిలీజ్ ఫైలులో తేదీ ఉంటుంది, అప్‌డేట్స్ డైరెక్టరీలోది చూడండి, మొదటి రిలీజ్‌ది మారదు. మొదటి సింక్ శుక్రవారం రాత్రి మొదలుపెట్టండి, ఆర్‌సింక్‌కి బ్యాండ్‌విడ్త్ లిమిట్ పెట్టి, సోమవారం పొద్దున్న ఫీజు కౌంటర్ తెరిచేలోపు ఎంత వచ్చిందో చూసుకోండి.